తెల్లబడని దూడ

పన్నెండో వారం

"తడిగుడ్డతో రుద్దితే రంగు మారుద్దా ఏవండీ? అదేమన్నా గోడకి పట్టిన మసా?" అంది సావిత్రి.

వెంకటరమణ పశువుల పాకలో మోకాళ్ళ మీద కూర్చుని కోడెదూడ డొక్క తుడుస్తున్నాడు. తుడిచిన చోట వెంట్రుకలు రెండు వేళ్ళతో విడదీసి, కళ్ళజోడు సవరించుకుని, మొదళ్ళలో ఎక్కడైనా తెలుపు కనిపిస్తుందేమోనని వెతికాడు. మొదళ్ళలోనూ అదే రంగు. కొత్త బెల్లం రంగు.

నాలుగు నెలలుగా ఈ ఇంట్లో పొద్దు పొడవడం ఇలాగే ఉంది. ఒంగోలు దూడలు కొన్ని పుట్టినప్పుడు ఎర్రగానే ఉంటాయి, పాలు తాగుతూ పెరిగేకొద్దీ తెల్లబడతాయి. అది పశువులున్న ఇళ్ళలో అందరికీ తెలిసిందే. అందుకని గౌరి ఈనిన రోజున దూడ ఎర్రగా ఉందని ఎవరూ కంగారు పడలేదు. నెల తిరగనీయండి అన్నాడు వెంకటరమణ. నెల తిరిగింది. మూడో నెల దాటనీయండి అన్నాడు. అదీ దాటింది. దూడ తెల్లబడలేదు సరికదా, నల్లటి మూతి చుట్టూ పిండి అద్దినట్టు తెల్లని చార ఒకటి తేలింది.

ఆ చార ఎక్కడిదో సావిత్రికి తెలుసు. దూడ పుట్టకముందు నుంచీ తెలుసు.

"పదిన్నరకి దూడని చూడ్డానికి బాపిరాజుగారొస్తారు. పశువుల డాక్టరమ్మ కూడా వస్తంది. ఫిలిప్పుని రమ్మని కబురెట్టేను" అన్నాడు వెంకటరమణ, గుడ్డ బకెట్టులో పిండుతూ. "ఆత్రేయపురం నుంచి తెప్పించిన పూతరేకులు పళ్ళెంలో సర్దు. కాఫీ చిక్కగా పెట్టు."

"ఏ పాలతో?"

"ప్యాకెట్టు తెప్పించలేదా?"

తెప్పించింది. పాకలో రెండు పాడి ఆవులున్న ఇంట్లో ఇరవై తొమ్మిదేళ్ళుగా కాఫీలోకి బయటి పాలే. గౌరి పూటకి ఇచ్చే ఆ లీటరున్నరా దూడకే. కోడె బలంగా ఎదగాలి, మూపురం పొంగాలి, పోటీలకి వెళితే నలుగురూ నిలబడి చూడాలి. నలుగురూ చూసేది వెంకటరమణ కోడెని. కుడితి తొట్టి కడిగే మనిషిని చూడటానికి ఎవరూ ఏ ఊరి నుంచీ రారు కదా!

"ఏవండీ, గౌరికి సూదేసింది ఫిలిప్పే గానీ, నిజంగా అతని తప్పేనంటారా?"

"మరి నా తప్పా?" వెంకటరమణ లేచి నిలబడ్డాడు. "ఒంగోలు ఆవుకి ఒంగోలు సూదే వెయ్యాలని పసిపిల్లాడికి కూడా తెలుసు. మా తాత కాలం నుంచీ ఈ పాకలో తెలుపు తప్ప ఇంకో రంగు పుట్టలేదు. బ్రెజిల్ వాళ్ళు ఓడల్లో తీసికెళ్ళి మందలు మందలు చేసుకున్న జాతి ఇది. జాతంటే ఏంటో తెలీని వాళ్ళ చేతికి జాతి ఆవుని అప్పగించేను. నాది, బుద్ధి తక్కువ నాది."

జాతి అనే మాట మూడుసార్లు అన్నాడు. రెండోసారి అన్నది ఆవు గురించి కాదు. సావిత్రికి ఒళ్ళు మండింది. కానీ అనవలసినదంతా పదమూడు నెలలుగా నోట్లోనే పెట్టుకుని తిరుగుతోంది.

ఆమె చెంబు తీసుకుని గౌరి దగ్గర కూర్చుంది. ఎడమచేత్తోనే పాలు తీస్తుంది ఇప్పుడు. ఈనిన వారానికే గౌరి ఒక్క తన్ను తన్నింది, కుడిచేతి బొటనవేలు విరిగింది. కట్టు విప్పారు గానీ వేలు వంగడం మానేసింది. "ఆవు కాలికేం కాలేదు కదా" అని ఆ రోజు వెంకటరమణ అడిగిన మాట ఆమె మర్చిపోలేదు. వేలెలా ఉందని ఆయన ఈనాటి వరకూ అడగలేదు.

*

తొమ్మిదింటికి వెంకటరమణ కాలవగట్టు మీద నిలబడి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతుండగా, పెరటి దడి దగ్గర స్కూటీ ఆగింది. రేచల్ దిగింది. ఫిలిప్ భార్య. పక్క ఊరి బడిలో టీచరు.

"లోపలికి రావచ్చాండీ సావిత్రిగారూ?"

రేచల్ అత్తగారు సరోజిని ఇదే పెరట్లో పేడ ఎత్తిన రోజుల్లో 'అమ్మగారండీ' అనేది. కోడలు 'సావిత్రిగారూ' అంటుంది. మొదట్లో సావిత్రికి అది కాస్త గుచ్చుకునేది. గుచ్చుకున్నందుకు తరువాత సిగ్గుపడింది.

"రామ్మా, కూర్చో."

"కూర్చోటానికి రాలేదండి. బడికి టైమైపోతంది." రేచల్ భుజానికున్న సంచిలోంచి ప్లాస్టిక్ కవరు చుట్టిన లావాటి పుస్తకం తీసింది. "ఇదేంటో మీకు తెలుసు."

తెలుసు. ఫిలిప్ గోపాలమిత్ర. పొగలు కక్కే చల్లటి క్యాను బండి వెనక కట్టుకుని, ఎదకొచ్చిన ఆవులకి ఇంటింటికీ వెళ్ళి చూలు కట్టే సూది వేస్తాడు. ఏ రోజు ఎవరి ఆవుకి ఏ జాతి సూది వేశాడో రాసుకుని, ఆవుగల వాళ్ళ చేత సంతకం పెట్టించుకునే పుస్తకం అది.

"వరదలో తడిసి పోయిందన్నాడు కదమ్మా ఫిలిప్పు?"

"ఆయ్. డాక్టరుగారితో అలాగే చెప్పేరు. మా ఆయన అబద్ధం ఆడటం నా పెళ్ళయ్యాక అదే మొదలండి. ఈ పుస్తకం బియ్యం డబ్బా అడుగున దాచేరు. నిన్న బియ్యం అడుగంటితే దొరికింది."

సావిత్రి పుస్తకం అందుకోలేదు.

"నూట పద్నాలుగో పేజీ. మీ సంతకం చక్కగా ఉంది. పక్కన జెర్సీ అని ఉంది. మీరు అడిగేరు, ఆయన వేసేరు. ఇందులో మా ఆయన చేసిన తప్పేంటో నాక్కొంచెం చెప్తారా? పిల్లలకి రోజూ తప్పొప్పులు దిద్దుతాను గానీ ఇది నాకు తెలీట్లేదు."

"నేనే చెప్పొద్దన్నాను రేచలమ్మా. మాట తీసుకున్నాను."

"తీసుకున్నారండి. ఆయన ఇచ్చేరు కూడా. ఇవాళ డాక్టరుగారు తప్పు ఈయనదేనని రాసేస్తే రేపట్నుంచి ఏ ఆవు దగ్గరికీ రానివ్వరు. పదకొండేళ్ళ పని. అది పోయినా ఏదో చేసుకుని బతుకుతాం. కానీ రమణగారు ఊరంతా ఏమంటున్నారో విన్నారా? జాతి తెలీని వాళ్ళంట. మా అత్తగారు ఆ మాట విని మంచం దిగట్లేదు. మీ గౌరికి తల్లిని, ఆ తల్లికి తల్లిని కడిగిన చేతులండి ఆవిడవి."

సావిత్రి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రేచల్ వాటిని చూసింది, చూసి కూడా మెత్తబడలేదు.

"నేనే డాక్టరుగారికి ఇచ్చేయొచ్చు. ఇచ్చేస్తే మా ఆయన నన్ను క్షమించరు. అందుకని మీకిస్తున్నాను. మీరే ఇవ్వండి. లేకపోతే పొయ్యిలో పెట్టుకోండి." పుస్తకం అరుగు మీద పెట్టింది. "అసలు ఎందుకు చేసేరండీ? అదొక్కటీ అడగాలని ఉంది."

సావిత్రి చెప్పడానికి నోరు తెరిచింది.

పోయినేడు కూతురు దుర్గాశ్రీ పురిటికి వచ్చింది. పచ్చి బాలింత. ఒకనాడు పొద్దున్నే "అమ్మా, గౌరి పాలు ఒక్క గ్లాసు ఇవ్వవే, ప్యాకెట్టు పాలు తాగలేకపోతున్నాను" అంది. సావిత్రి చెంబు ఎత్తబోయింది. "దూడకి తగ్గుద్ది" అన్నాడు వెంకటరమణ వీధిలోంచి. గట్టిగా కూడా అనలేదు. కూతురు నవ్వేసింది. నవ్వేసి, మూడో నెల రాకుండానే అత్తగారింటికి ప్రయాణం కట్టింది. మళ్ళీ రాలేదు.

ఆ తరువాత గౌరి ఎదకొచ్చినప్పుడు వెంకటరమణ ఊళ్ళో లేడు, ఎక్కడో ఎడ్ల అందాల పోటీలకి వెళ్ళాడు. సావిత్రే ఫిలిప్‌కి ఫోను చేసింది.

"ఒంగోలే కదండీ అమ్మగారూ?" అన్నాడు ఫిలిప్ క్యాను మూత తీస్తూ.

"కాదు. పాలిచ్చే జాతి వెయ్యి."

"రమణగారు..."

"ఈ ఆవుకి మేత వేసేది నేను, పేడ ఎత్తేది నేను. నన్నడుగు. ఏది బాగా పాలిస్తుంది?"

"జెర్సీ అండి. మనిషి సాధువు. మనిషి అంటే ఆవండి." ఫిలిప్ నవ్వాడు. "పాలలో వెన్న బాగుంటాది. ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ మధ్య సముద్రంలో ఓ చిన్న లంకంట, అక్కడిదండి."

"లంకా? అయితే మన ఊరూ ఏటి లంకేగా. ఇక్కడ ఇముడుద్దిలే. వెయ్యి."

సంతకం పెట్టింది. బతుకులో తనంతట తాను నిర్ణయించి పెట్టిన మొదటి సంతకం. ఆ రోజంతా ఎంత సంతోషంగా తిరిగిందో! పెయ్యదూడ పుడుతుందని, మూడేళ్ళకి చెంబు నిండా నురగతో పాలు తీసి కూతురికి కబురు పెడతానని అనుకుంది. కోడెదూడ పుట్టింది. మొగుడికి జాతీ పోయింది, ఆమెకి పాలూ రాలేదు.

ఇదంతా రేచల్‌కి చెప్పలేదు. "నాకు పాలు కావాలనిపించిందమ్మా" అంది. అంతే వచ్చింది నోటికి.

రేచల్ సంచి భుజానికి సర్దుకుంది. "అడిగితే మేం ఇచ్చేవాళ్ళం కదండీ. మా గేదె రెండు పూటలా ఇస్తంది" అని స్కూటీ ఎక్కింది.

*

బాపిరాజుగారి కారు పదిన్నరకి సరిగ్గా వచ్చింది. రాజోలు వైపు ఒంగోలు మంద ఉన్న మనిషి. తెల్లని పంచె, తెల్లని మీసం. దూడ పుట్టిన వారంలోనే 'మీ గౌరి కోడెని నా మందకి ఇవ్వండి రమణగారూ, దాన్ని మీ పేరు మీదే పిలుచుకుంటాం' అని ఫోన్లో అన్నాడు. ఆ మాట వెంకటరమణ ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ చెప్పాడు. రావులపాలెం బస్టాండులో ముక్కూ మొహం తెలియని వాళ్ళకి కూడా చెప్పి ఉంటాడు.

వెనకాలే పశువుల డాక్టరు సుస్మిత వచ్చింది. ఇంకా ముప్పై నిండని పిల్ల. ఆఖర్న ఫిలిప్ వచ్చాడు. గేటు దగ్గరే చెప్పులు విడిచి పాక గుంజ పక్కన నిలబడ్డాడు. క్యాను లేకుండా అతన్ని చూడటం సావిత్రికి అదే మొదలు. తలుపు చాటున నిలబడి, చీర కొంగు కింద పుస్తకం పట్టుకుని చూస్తోంది.

బాపిరాజుగారు దూడ చుట్టూ ఒకసారి తిరిగాడు. మూపురం మీద అరచెయ్యి ఆనించాడు. గంగడోలు పట్టుకుని చూశాడు. తోక కుచ్చు విప్పాడు. ఆఖర్న దూడ గడ్డం ఎత్తి మూతి చుట్టూ ఉన్న తెల్ల చారని చూసి, మెల్లగా చెయ్యి తీసేశాడు. పళ్ళెంలో పూతరేకుల మీద ఈగ వాలింది.

"ఇంకా తెల్లబడుద్దేమోనండి" అన్నాడు వెంకటరమణ.

"రమణగారూ, మీకు నేను చెప్పాలాండీ?"

"పోనీ సాహివాలేమో. అదీ ఎరుపే కదండి. పంజాబు వైపుదైనా మన దేశపుదే."

"సాహివాలైతే గంగడోలు ఇంతకంత వేలాడాలండి."

"గిర్ అవ్వచ్చు. గుజరాత్‌ది."

"గిర్‌కి నుదురు ముందుకి పొంగి ఉంటాదండి, చెవులు దొప్పల్లా చుట్టుకుని ఉంటాయి. దీని నుదురు చూడండి, లోపలికి పోయింది." బాపిరాజుగారి గొంతులో ఎక్కడా పరుషం లేదు. అందుకే వినడం ఇంకా కష్టంగా ఉంది. "దూడ మంచిదేనండి. ఆరోగ్యంగా ఉంది. నా మందకి మాత్రం కాదు."

"జెర్సీ అండి" అంది సుస్మిత. "సగం జెర్సీ."

వెంకటరమణ మొహం నల్లబడింది. నాలుగు నెలలు తడిగుడ్డతో తుడిచిన ఆశ ఒక్క మాటతో పోయింది. పాపం అనిపించింది సావిత్రికి. అనిపించినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

"విన్నావా ఫిలిప్పూ?" అని అరిచాడు. "నీ తల్లి ఈ ఇంటి కూడు తిని బతికింది. ఆ విశ్వాసమన్నా లేకపోయింది నీకు!"

"మా అమ్మ పని చేసి తిందండి" అన్నాడు ఫిలిప్. అంతవరకూ తలెత్తి అన్నాడు. తరువాత తల దించుకున్నాడు. "పొరపాటేనండి. నాదే."

సుస్మిత అతని దగ్గరికి నడిచింది. "ఫిలిప్, ఆలోచించుకుని చెప్పు. నువ్వు సూది మార్చి వేశావని నేను రాస్తే ఇంక ఈ పనిలో ఉండవు. పదకొండేళ్ళలో నీ మీద ఒక్క ఫిర్యాదు లేదు. ఆ రిజిస్టరు ఉంటే..."

"తడిసిపోయిందండి మేడమ్. రాసేయండి."

సుస్మిత పెన్ను తీసింది. కాగితం తొడ మీద ఆనించుకుంది.

అప్పుడు సావిత్రి గుమ్మం దాటింది. ప్లాస్టిక్ కవరు విప్పి పుస్తకం డాక్టరు చేతిలో పెట్టింది.

"తడవలేదమ్మా. నూట పద్నాలుగో పేజీ చూడు. ఫిలిప్పు పొరపాటు చెయ్యలేదు. జెర్సీ వెయ్యమన్నది నేను. సంతకం నాది."

ఫిలిప్ గుంజ పట్టుకుని, "వద్దండి అమ్మగారూ" అన్నాడు.

"నువ్వూరుకో బాబూ. నాలుగు నెలలు నేనూరుకున్నది చాలు."

పేజీ తిరగేసిన చప్పుడు అందరికీ వినబడింది. సుస్మిత చదివి, పుస్తకం వెంకటరమణకి అందించింది.

వెంకటరమణ చాలాసేపు చూశాడు. ఆ సంతకం ఆయనకి తెలియనిది కాదు. పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైన పిల్లని ఏరి కోరి చేసుకున్నాడు. ఆఖరి అక్షరం తోక కుడివైపుకి సాగదీసి కింద గీత గీస్తుంది సావిత్రి. గ్యాసు పుస్తకం మీదా, కూతురి బడి మార్కుల కాగితాల మీదా ఆ గీతని ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు.

ఆయన తలెత్తి ముందు బాపిరాజుగారి వైపు చూశాడు. తరువాత ఫిలిప్ వైపు. భార్య వైపు చూడలేదు.

"ఇది మా ఆవిడ సంతకం కాదండి" అన్నాడు.

"ఏవండీ!"

"నా పెళ్ళాం సంతకం నాకు తెలీదాండీ? వీడే గీసుకున్నాడు. మా ఆవిడది జాలిగుండె. వీడి పెళ్ళాం పొద్దున్న స్కూటీ మీద రావడం గట్టు మీంచి నేను చూసేను. ఏడ్చి ఉంటాది, ఈవిడ కరిగిపోయి ఉంటాది. మా ఇంట్లో ఆడవాళ్ళు నాకు తెలీకుండా ఆవులకి సూదులు వేయించరండి బాపిరాజుగారూ."

బాపిరాజుగారు కండువా దులుపుకున్నాడు. "అంతేలెండి" అన్నాడు. నమ్మాడో, నమ్మడమే మర్యాద అనుకున్నాడో తెలియదు.

సుస్మిత మొహంలో రంగు మారింది. "రమణగారూ, మీరన్నది నిజమైతే ఇది పొరపాటు కాదండి. దొంగ సంతకం. పోలీసుల దాకా వెళ్తుంది."

"వెళ్ళనీండి."

ఫిలిప్ గుంజ వదిలేసి అలాగే నేల మీద కూర్చున్నాడు. నిజం చెబితే అతను బయటపడతాడని సావిత్రి గుమ్మం దాటింది. ఇప్పుడు అతనికి పని పోవడంతో ఆగేలా లేదు.

"పెన్నిలా ఇవ్వమ్మా" అంది సావిత్రి. "ఇక్కడే, ఇప్పుడే పెడతాను. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకో."

సుస్మిత తెల్ల కాగితం పెట్టి పెన్ను ఇచ్చింది. సావిత్రి ఎడమచేత్తో అందుకుంది. అందుకున్నాక గానీ గుర్తు రాలేదు. కుడిచెయ్యి వైపు చూసుకుంది. బొటనవేలు కర్రపుల్లలా నిటారుగా ఉంది. నాలుగు నెలలుగా ఆ చేత్తో ఆమె జాకెట్టు హుక్కు కూడా పెట్టుకోలేదు.

వెంకటరమణ ఆ వేలినే చూస్తున్నాడు. ఇప్పుడు చూడటం కాదు, పుస్తకం చేతిలో ఉన్నప్పుడే దాన్ని తలుచుకుని, ఇంక ఈ చేత్తో ఆ సంతకం రాదనే కాదన్నాడని సావిత్రికి అర్థమైంది.

"వేలు నొప్పెడుద్దేమో సావిత్రీ" అన్నాడు ఎంతో మెత్తగా. "వద్దులే, లోపలికెళ్ళు."

ఆ వేలి గురించి ఆయన అడగడం అదే మొదటిసారి.

సావిత్రి లోపలికి వెళ్ళలేదు. పెన్ను కుడిచేతిలోకి మార్చుకుంది.